ఇటలీ కొండ మీద మదనపల్లె గోడ

ఈ ఆగస్టులో చింక్వే తెర్రె వెళ్ళొచ్చిన ఫొటోలు చూసి అడయార్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్ళందరూ ఆ రంగురంగుల ఇళ్ళ గురించే అడుగుతున్నారు. ఇళ్ళు బాగున్నాయి, కాదనను. కానీ ఆ రోజంతటిలో నా మనసులో ఉండిపోయింది ఒక గోడ, అదీ సగం కూలిన గోడ.

రమ ఆఫీసు పని మీద ఆరు నెలలు జెనోవాలో ఉంది. సొంతూరు మదనపల్లె పక్కన పల్లె, చెన్నైలో పన్నెండేళ్ళుగా నా స్నేహితురాలు. నేను సెలవు పెట్టుకుని వెళ్తే ఒక శనివారం చీకటితోనే లేపేసింది, "ఎండ ముదరకముందే కొండెక్కాల, లెయ్ మే" అని. రైలు ఎక్కితే సొరంగం, రెప్పపాటు సముద్రం, మళ్ళీ సొరంగం, అలా మొంటెరోస్సో దాకా. చింక్వే తెర్రె అంటే ఐదు నేలలని అర్థం. మొంటెరోస్సో, వెర్నాజ్జా, కోర్నిల్యా, మనరోలా, రియోమజ్జోరే అనే ఐదు ఊళ్ళు, సముద్రంలోకి నిట్టనిలువుగా దిగే కొండలకి అతుక్కుని ఉంటాయి. యునెస్కో 1997లో వీటిని వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

మొంటెరోస్సో నుంచి వెర్నాజ్జాకి కొండ మీద కాలిబాట ఉంది. మూడున్నర కిలోమీటర్లే గానీ అంతా మెట్లు, ఎక్కడం దిగడం, మాకు రెండు గంటలు దాటింది. ఎడమ పక్క నిమ్మ చెట్లు, ద్రాక్ష తోటలు, కుడి పక్క కాలు జారితే సముద్రమే. ఆ తోటలు పెరిగేది కొండవాలు మీద కాదు, మెట్లు మెట్లుగా కట్టిన సన్నటి మళ్ళలో. ఒక్కో మడికి ఒక్కో రాతి గోడ. సున్నం లేదు, సిమెంటు లేదు, ఉత్త రాయి మీద రాయి. వందల ఏళ్ళుగా ఇక్కడి రైతులు అలా పేర్చుకుంటూ వచ్చారు.

ఒక మలుపులో గోడ ఉబ్బి, మధ్యలో తెగి, మట్టి బాట మీదికి జారి ఉంది. డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని మళ్ళీ కడుతున్నాడు. రమ ఆగిపోయింది. ఆయనకి ఇంగ్లీషు రాదు, మాకు ఇటాలియన్ రాదు. రమ కింద పడున్న ఒక రాయి తీసి అందించింది. ఆయన దాన్ని రెండు చేతుల్లో తిప్పి చూసి, పక్కన పెట్టేశాడు. రమ ఇంకోటి వెతికి, తనే తిప్పి, చదునుగా ఉన్న వైపు బయటికి చూపిస్తూ ఇచ్చింది. ఈసారి పెద్దాయన నవ్వి తీసుకుని సందులో కూర్చోబెట్టాడు, చిన్న రాయి ఒకటి వెనక దూర్చి గట్టిగా తట్టాడు. కదల్లేదు. "మా తాత కూడా ఇట్లనే, రాయికి ముఖం చూడాల అనేవాడు మే" అంది రమ, గొంతు కొంచెం వణికింది.

బాట పొడుగునా రమ దాని గురించే చెప్పింది. పెద్ద రాళ్ళ వెనకాల చిన్న రాళ్ళు నింపుతారు. వానకి కొండ నీళ్ళు తాగి ఉబ్బినప్పుడు ఆ సందుల్లోంచి నీళ్ళు బయటికి పోతాయి, గోడ నిలబడుతుంది. సిమెంటుతో మూసేస్తే, నీళ్ళు పోవడానికి వేరే దారి పెట్టకపోతే, వెనక బరువు పెరిగి గోడనే తోసేస్తుంది. ఈ విద్యని 2018లో ఇటలీ, గ్రీసు, స్పెయిన్‌తో కలిపి ఎనిమిది దేశాల పేరు మీద యునెస్కో వారసత్వంగా గుర్తించింది. రమ వాళ్ళ ఊళ్ళో తాత కట్టిన గట్టు రాళ్ళని మాత్రం ఎవరో ట్రాక్టరుకెత్తి అమ్ముకున్నారు.

ఇక్కడా పిల్లలు సేద్యం వదిలి వెళ్ళిపోయిన చోట్ల గోడలు బాగుచేసేవాళ్ళు లేరు. ఒకటి కూలితే దాని మట్టి కింద గోడ మీద పడుతుంది. 2011 అక్టోబరు 25న కొన్ని గంటల కుండపోతకి కొండ చరియలు జారి, వెర్నాజ్జా ప్రధాన వీధి బురదా రాళ్ళతో నిండిపోయింది, ముగ్గురు చనిపోయారు. ఆ వీధి కిందే వాగు ఉంది, పైన కప్పేసి వీధి చేసుకున్నారు. వాగు తన దారి తను వెతుక్కుంది. ఆ వీధిలో నిలబడితే నాకు 2015 డిసెంబరు 1 రాత్రి కళ్ళ ముందుకొచ్చింది. అప్పుడు మేం కొట్టూర్‌పురంలో కింది అంతస్తులో ఉండేవాళ్ళం. అడయార్ నది ఇంట్లోకి వచ్చేసింది, నడుం లోతు నీళ్ళలో అమ్మని పట్టుకుని మేడ మెట్లెక్కించాం. ఇప్పటికీ రాత్రి గట్టిగా వాన పడితే నాకు నిద్ర పట్టదు.

మధ్యాహ్నం కాగితం పొట్లంలో వేయించిన చేపలు కొనుక్కున్నాం, నోట్లో పెట్టుకుంటే అచ్చం మన నెత్తళ్ళు! పైన నిమ్మకాయ పిండి ఇచ్చారు. రేవు పక్కన చిన్న బీచ్‌లో నీళ్ళలోకి దిగాం. మెరీనాలో మోకాళ్ళు దాటి ఎప్పుడూ వెళ్ళని నేను ఇక్కడ మెడ దాకా వెళ్ళాను. పోటుకీ పాటుకీ తేడా ఒక అడుగు మించదు. ఉప్పు మాత్రం లీటరుకి దాదాపు 38 గ్రాములు. ఎండకి ఆవిరయ్యే నీళ్ళు ఎక్కువ, నదులు తెచ్చే నీళ్ళు తక్కువ. మన బంగాళాఖాతంలో గంగ, గోదావరి, కృష్ణ కలుస్తాయి కాబట్టి ఇంత ఉప్పుండదు. రమ అరచేతిలో రాయి గీసిన గీత ఆ నీళ్ళకి భగ్గున మండింది, అయినా బయటికి రాలేదు.

కోర్నిల్యాలో స్టేషన్ నుంచి ఊళ్ళోకి 382 మెట్లు, ఎక్కి దిగొచ్చాం, అంతే. సాయంత్రం మనరోలా. తూర్పు తీరంలో పుట్టి పెరిగిన నేను సముద్రంలోంచి లేచే సూర్యుణ్ణి ఎన్నిసార్లు చూశానో, సముద్రంలోకి దిగే సూర్యుణ్ణి చూడటం ఇదే మొదలు. ఎనిమిది దాటాక, ఎర్రగా, నెమ్మదిగా. వెనక్కి తిరిగితే కొండ మీద గోడలన్నీ వరసలు వరసలుగా ఆ వెలుగులో విడివిడిగా కనిపించాయి.

మర్నాడు పొద్దున్నే రమ ఇంటికి ఫోన్ చేసింది. "నాయనా, కింద కయ్య గట్టు ఇంకా ఉండాదా?" కయ్య అంటే వాళ్ళ మాటలో మడి. సగం ఉందట. దసరాకి వెళ్తున్నాం, నేను కూడా.