'పాపకి జ్వరం' అని ఇంగ్లీషులో రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది

నిన్నటితో నా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు అయిపోయింది. వేడి మీదుండగానే రాసేస్తున్నాను. నాలుగు రోజులు పోతే కోపం చల్లారిపోతుంది, అప్పుడు రాస్తే సగం సంగతులు నేనే మింగేస్తాను.

మాది పలాస. పెళ్లయి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి వచ్చి పదకొండేళ్లు. ఇక్కడ స్టీల్ ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది 1959లో. ఆ కాలం నుంచీ మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు పనికోసం వస్తూనే ఉన్నారు. మా వీధిలోనే ఐదిళ్లు తెలుగువాళ్లవి. అందుకే బజారు హిందీతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను, ఇంగ్లీషు అవసరమే పడలేదు.

కిందటి వానాకాలం మా పాపకి జ్వరం వచ్చింది. రెండు రోజులు బడికి పంపలేదు. మూడో రోజు డైరీలో లీవు నోటు రాయాలి. ఆయన నైట్ షిఫ్టులో ఉన్నారు. నేనే పెన్ను తీసుకుని 'మై డాటర్ ఫీవర్' అని రాసి సంతకం పెట్టాను. సాయంత్రం డైరీ తెరిస్తే డాటర్‌కీ ఫీవర్‌కీ మధ్య ఎర్ర సిరాతో పెద్ద సున్నా. 'మిస్ అందరికీ చదివి వినిపించిందమ్మా' అంది పాప. చెబుతూ నా మొహంలోకి చూడలేదు. నాకు అన్నం సయించలేదు ఆ రాత్రి.

క్లాసులో చేరడం పెద్ద పని కాదు. నెలకు 600, ఒక ఫోటో, ఆధార్ జిరాక్స్. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా క్లాసు.

అసలు కష్టం లోపలికెళ్లాక మొదలైంది. ఇరవై రెండు మందిమి. అందరూ హిందీవాళ్లే, నేనొక్కదాన్నే తెలుగు. పాఠమంతా హిందీలోనే. సర్ బోర్డు మీద రాసేవారు: వాక్యం చివర 'తా హై, తీ హై' వస్తే సింపుల్ ప్రెజెంట్. 'రహా హై, రహీ హై' వస్తే ఈజ్ పెట్టి క్రియకి ఐ.ఎన్.జీ. తగిలించాలి. 'చుకా హై' వస్తే హాజ్ పెట్టి థర్డ్ ఫారం. హిందీ మీడియం పిల్లలకి ఇది నోటికొచ్చిన ఎక్కాల్లాంటిది. వాళ్లు తోక చూసి టెన్స్ పట్టేస్తారు. నాకు ఆ తోకే కనపడదు. హిందీ వాక్యం చెవిలో పడగానే మనసులో తెలుగైపోతుంది. 'మై రోజ్ మందిర్ జాతీ హూ' అన్నారు సర్. నాకు 'రోజూ గుడికి వెళ్తాను' అని వినపడింది. 'ఐ విల్ గో టు టెంపుల్ డైలీ' అన్నాను. 'ఆంటీజీ, రోజ్ వాలీ బాత్ మే విల్ కహా సే ఆయా?' అన్నారు. ఎక్కణ్ణించి వచ్చిందంటే, తెలుగులోంచి వచ్చింది! మనకి రోజూ వెళ్లినా 'వెళ్తాను', రేపు వెళ్లబోయినా 'వెళ్తాను'. హిందీలో జాతీ హూ వేరు, జాఊంగీ వేరు. ఈ ముక్క ఆయనకి తెలియదు. నాకూ అప్పటికి తెలియదు.

రెండో వారం జరిగింది మాత్రం నేను మర్చిపోలేను. ఒక్కొక్కరూ లేచి హిందీలో ఒక వాక్యం చెప్పి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి. నా వంతు వచ్చింది. 'మైనే రోటీ ఖాయా' అన్నాను. క్లాసు గొల్లుమంది. రోటీ ఆడది కాబట్టి 'ఖాయీ' అనాలట. తిన్నది నేనైతే క్రియ రొట్టె వెనకాల ఎందుకు నడవాలి? నేను వెంటనే 'ఐ ఏట్ రోటీ' అన్నాను. ఇంగ్లీషు సరిగ్గానే చెప్పాను, అది ఎవరికీ పట్టలేదు. ఆ వాక్యమే పదిసార్లు హిందీలో చెప్పించారు సర్. కాలేజీ పిల్లలు, నా తమ్ముడి వయసు వాళ్లు, బల్లల మీద కొడుతూ లెక్కపెట్టారు. ఏడో సారికి నా గొంతు పూడుకుపోయింది. ఇంగ్లీషు కోసం డబ్బు కట్టినదాన్ని హిందీ తప్పుకి నిలబెట్టారు. చదువు చెప్పేవాడు నేర్చుకోవడానికి వచ్చిన మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేయకూడదు. చేస్తే ఆయనకి ఎంత గ్రామరు తెలిసినా నేను గురువు అనను.

మానేద్దామనుకున్నాను. 'కట్టిన ఫీజు అయ్యేదాకా వెళ్లు, తర్వాత నీ ఇష్టం' అన్నారు మా ఆయన. వెళ్లి చివరి బెంచీలో గోడవైపు కూర్చున్నాను.

అక్కడ కూర్చోవడమే కలిసొచ్చింది. పక్కన దుర్గ్ నుంచి వచ్చే ఒకమ్మాయి. తన నోట్సులో పేజీ నిండా 'ఐ యామ్ గో', 'హీ ఈజ్ ప్లే'. సర్ ప్రతిరోజూ కొట్టేస్తారు, మర్నాడు మళ్లీ అదే రాస్తుంది. నేను ఒక్కసారి కూడా 'ఐ యామ్ గో' రాయలేదు. ఎందుకు రాయలేదా అని ఇంటికొచ్చి పప్పు రుబ్బుతూ ఆలోచించాను. వాళ్ల వాక్యంలో 'జాతీ హూ' అని చివర హూ ఉంది. మొదటి రోజున సర్ 'హూ అంటే యామ్, హై అంటే ఈజ్' అని చెప్పారు. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాస్తోంది, పాపం! మన 'వెళ్తాను'లో అలాంటి తోక లేదు, అందుకే నేను ఆ గుంటలో పడలేదు. కానీ 'మా ఆయన ఫిట్టర్' అన్నప్పుడు తెలుగులో క్రియే లేదు, అక్కడ నేను 'మై హస్బెండ్ ఫిట్టర్' అని రాసి పడ్డాను. ఆ అమ్మాయి మాత్రం 'ఈజ్' పెట్టింది.

ఆ రోజు నుంచీ నోట్సులో పేజీని మూడు గళ్లు చేశాను: హిందీ, తెలుగు, ఇంగ్లీషు. సర్ చెప్పనివి అందులో దొరికాయి. 'క్యా' సంగతే చూడండి. 'ఆప్ క్యా పీతే హై' అంటే ఏం తాగుతారు అని. 'క్యా ఆప్ చాయ్ పీతే హై' అంటే టీ తాగుతారా అని. రెండింటికీ ఒకటే క్యా. అందుకే వాళ్లు 'వాట్ యూ డ్రింక్ టీ' అంటారు. మనకి 'ఏం' వేరు, 'తాగుతారా'లో దీర్ఘం వేరు. దీర్ఘం ఉన్నచోట డూ, డజ్ ముందు పెట్టాలని నాకు ఒక్కరోజులో పట్టుబడింది. ఆ పరీక్షలో ఇరవైకి పందొమ్మిది నావే. బల్లలు కొట్టిన పిల్లల్లో ఎవరికీ పదమూడు దాటలేదు. ఇది చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

హిందీ వాళ్లకి చెప్పాల్సి వస్తే నేను ఇలా చెబుతాను. హై కనపడగానే ఈజ్ అనకండి, దాని ముందేముందో చూడండి. జాతా, పీతీ, ఖాతే లాంటిది ఉంటే ఆ హైని అక్కడే వదిలేయండి. రహా, రహీ ఉంటే వెంట తెచ్చుకోండి. ఏ క్రియా లేకుండా రెండు పేర్లే ఉంటే ఒక్క ప్రశ్న వేసుకోండి: రెండూ ఒకటేనా? 'వో టీచర్ హై', ఆమే టీచర్, టీచరే ఆమె. అక్కడ ఈజ్. 'బేటీ కో బుఖార్ హై', కూతురే జ్వరం కాదు కదా. కూతురికి జ్వరం ఉంది. అక్కడ హాజ్. 'మేరే దో బచ్చే హై' అన్నా అంతే, ఐ హావ్ టూ చిల్డ్రన్. ఇది అన్నిచోట్లా పనిచేయదు, ఆకలి లాంటివాటి దగ్గర 'ఐ యామ్ హంగ్రీ' అని బట్టీ పట్టాల్సిందే.

తెలుగు ఆడవాళ్లెవరైనా ఇక్కడ ఇలాంటి క్లాసులో చేరితే మొదటి రోజే అడగండి, హిందీ తప్పులకి మార్కులు తీస్తారా అని. తీస్తామంటే వెనక్కి వచ్చేయండి. మీ డబ్బు మీ చేతిలో ఉంటుంది.

పక్క క్వార్టర్లో భాభీ రాజ్‌నాంద్‌గావ్ వాళ్లు. నెల రోజులుగా సాయంత్రాలు నా దగ్గర కూర్చుని వాక్యాలు రాస్తున్నారు, చపాతీ పిండి కలిపి మూతపెట్టి వస్తారు. మొన్న వాళ్ల బాబుకి జ్వరం. లీవు నోటు నన్ను రాసిపెట్టమని డైరీ తెచ్చారు. మీరే రాయండి భాభీ అన్నాను. 'మై సన్ ఈజ్' దాకా రాసి ఆగారు. పెన్ను పైకెత్తి, తనలో తనే 'బేటా బుఖార్ హై క్యా? నహీ' అనుకుని, ఈజ్ కొట్టేసి పక్కన 'హాజ్ ఫీవర్' అని రాశారు. కొట్టివేత బాగాలేదని ఆ కాగితం చింపి, కొత్త దాని మీద గుండ్రటి అక్షరాలతో మళ్లీ రాసి, కింద సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఫ్యాను కింద పట్టుకుని నిలబడ్డారు.