మామ్మ పేరు మీద ఒక హత్య

మా ఇంట్లోకి లైబ్రరీ కార్డులు రావడానికి కారణం పుస్తకాల మీద ప్రేమ కాదు, ఇంటిపన్ను రసీదు.

1987 వేసవి. కాలవలు కట్టేసిన రోజులు. మాది కోనసీమలో, కొత్తపేట వైపు కాలవగట్టు మీద ఊరు. నాన్న సొసైటీలో గుమాస్తా. చేతికొచ్చిన ఏ కాగితాన్నయినా పై గీత నుంచి కింది సంతకం దాకా చదివితే గాని కింద పెట్టేవాడు కాదు. పంచాయతీ ఇచ్చిన పన్ను రసీదులో 'గ్రంథాలయ పన్ను' అని విడిగా ఒక గడి ఉండటం ఆయన కంట పడింది. అడిగి తెలుసుకున్నాడు. 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చిందని, ఇంటిపన్నుతో పాటు వసూలు చేసే ఆ పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకి వెళ్తాయని తెలిసింది. (ఇప్పుడది రూపాయికి 8 పైసలు.) "ఇన్నేళ్లుగా కడుతున్నాం. ఒక్క పుస్తకం ముట్టుకున్నామా?" అని రెండు రోజులు అదే గొడవ. హోటల్లో రెండో గ్లాసు నీళ్లు కూడా వదలని మనిషి మరి.

లైబ్రరీ మా ఊళ్లో లేదు, మూడు కిలోమీటర్ల అవతల. గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ లాకులు దాటి వెళ్లాలి. అద్దె పెంకుటింట్లో శాఖా గ్రంథాలయం. పొద్దున్న మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తీస్తారు, శుక్రవారం సెలవు. బడికి సెలవున్న ఆదివారం లైబ్రరీ తెరిచి ఉండేది కాబట్టి మాలాంటి పిల్లలకి అది కలిసొచ్చింది. పేపర్లు, వారపత్రికలు అక్కడే కూర్చుని చదువుకోడానికి కార్డు అక్కర్లేదు. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే మాత్రం సభ్యత్వం కావాలి. దరఖాస్తు, కొంత డిపాజిట్, ఇంటిపన్ను కట్టేవాళ్లు ఎవరైనా ఒకరి హామీ సంతకం. మానేస్తే డిపాజిట్ తిరిగి ఇచ్చేస్తారు. ఆ మాట వినగానే నాన్న మొహం వెలిగింది. అంటే ఖర్చు కాదు, బ్యాంకులో వేసుకున్నట్టే.

కార్డుకి ఒక పుస్తకం, గడువు పదిహేను రోజులు. ఇంట్లో అయిదుగురం. నాన్న నాలుగు దరఖాస్తులు తెచ్చాడు. అరుగు మీద తమలపాకులు తుడుచుకుంటున్న మామ్మ వాటిని లెక్కపెట్టింది.

"నాదేదిరా?"

"నీకు చదవడం రాదు కదా అమ్మా."

"ఇల్లెవరి పేరు మీద ఉంది?"

నాన్న నోట మాట రాలేదు. ఇల్లు మా తాతయ్య మామ్మ పేరున కట్టింది. పన్ను రసీదు ఆవిడ పేరు మీదే వస్తుంది. అంటే ఇంటిపన్ను కట్టే మనిషిగా మా దరఖాస్తులకి హామీ ఇవ్వాల్సింది కూడా ఆవిడే. చివరికి మా నాలుగు కాగితాల మీదా ఆవిడ ఎడమ చేతి బొటనవేలి ముద్ర పడింది. అయిదో దరఖాస్తు ఆవిడది, దానికి పక్కింటి బాబాయి హామీ. ఇంట్లో అక్షరం ముక్క రాని ఒకే ఒక్క మనిషి, చదువుకున్న నలుగురికీ పూచీ పడిందన్నమాట.

లైబ్రరీలో మేష్టారు (ఆయన్ని ఊరంతా లైబ్రరీ మేష్టారనే పిలిచేది) ఆ వేలిముద్ర చూసి నసిగారు. "మామ్మగారికి చదువు రాదంటున్నారు. కార్డెందుకండీ?"

మామ్మ రిక్షా కట్టించుకుని మరీ వచ్చింది ఆ రోజు. "ఓటేసినప్పుడు చదువొచ్చా అని ఎవరూ అడగలేదు నాయనా. దీనికి అడుగుతావేం?" అంది. మేష్టారు నవ్వేసి రసీదు రాశారు.

కార్డంటే గోధుమరంగు అట్టముక్క. దాని మీద నంబరు, పేరు, ఒక గుండ్రటి ముద్ర. మా నాలుగూ గూట్లో ఉండేవి. మామ్మది మాత్రం ఆవిడ బొడ్లో దోపుకునే గుడ్డసంచిలో, వక్కలకీ చిల్లరకీ మధ్యన.

పేరుకి ఎవరి కార్డు వాళ్లదే గాని నెల తిరక్కుండానే లెక్కలన్నీ కలిసిపోయాయి. అమ్మ నవల నాలుగు రోజుల్లో అవగొట్టేసేది. నాన్న వ్యవసాయం పుస్తకమొకటి తెచ్చి పదిహేను రోజులూ పడక్కుర్చీ చేతి మీద పెట్టి ఉంచేవాడు, ముప్ఫయ్యో పేజీ దాటినట్టు నేను చూడలేదు. నావి పిల్లల కథలు, ఒక్క సాయంత్రానికి సరి. పదో తరగతికొచ్చిన అన్నయ్యకి డిటెక్టివ్ నవలల పిచ్చి, వాడికి ఒక కార్డు ఏ మూలకీ చాలేది కాదు. అమ్మ కార్డు అడిగితే "నా నవల?" అంటుంది. నాన్న కార్డు అడిగితే "మార్కులెన్ని?" అంటాడు. మిగిలింది మామ్మ.

మామ్మ ఊరికే ఇచ్చే రకం కాదు. కార్డు అడగ్గానే సంచి మూతి బిగించేది. "నా కార్డు మీద తెచ్చింది నాకు చదివి వినిపించాలి. రాత్రికి ఇన్ని కాగితాలని చెప్పు." అన్నయ్య పది పేజీలనేవాడు, మామ్మ ఇరవై అనేది, పదిహేను దగ్గర తెగేది. చాలాసార్లు వాడు బేరం కుదుర్చుకుని, చదివే పని నాకు అంటగట్టేవాడు. అలా రాజకుమార్తెల కథలు వింటుందనుకున్న మామ్మకి డిటెక్టివ్ నవలలు అలవాటయ్యాయి. నేను చదువుతుంటే మధ్యలో ఆపి, "ఒసే బుల్లీ, ఆ డ్రైవరుగాణ్ణి ఓ కంట కనిపెట్టి ఉండు" అనేది. చాలావరకు ఆ డ్రైవరే దోషి అయ్యేవాడు.

ఒక పుస్తకం గడువు దాటిపోయింది. అన్నయ్య దాన్ని స్నేహితుడికిచ్చాడు, వాడు పెళ్లికని అటు నరసాపురం వెళ్తూ పట్టుకుపోయాడు. మూడు వారాల తర్వాత లైబ్రరీ నుంచి పోస్టుకార్డు వచ్చింది. అప్పట్లో పోస్టుకార్డు పదిహేను పైసలు, అందులో రహస్యమేమీ ఉండదు. మా పోస్టుమేన్‌కి ఉత్తరం ఇచ్చేముందు అరుగు మీద కూర్చుని గట్టిగా చదవడం అలవాటు. ఫలానావారి సతీమణి ఫలానా అని మామ్మ పూర్తి పేరు చదివి, తమరు తీసుకెళ్లిన పుస్తకం అంటూ నవల పేరు అందుకున్నాడు. ఆ పేరులో 'హత్య' ఉంది, 'అర్ధరాత్రి' ఉంది, ఇంకా ఏదో లలన కూడా ఉంది. ఎదురింటి వాళ్లు అరుగు దిగి వచ్చారు. "తక్షణం వాపసు చేయనిచో తగు చర్య" దాకా చదివి మామ్మ వంక చూశాడు.

మామ్మ తొణకలేదు. "ఇంకా చివర వినలేదయ్యా, విన్నాక ఇస్తానని రాసెయ్" అంది.

తర్వాత అన్నయ్యకి నాన్న చేతిలో పడాల్సింది పడింది. జరిమానా డబ్బు వాడి బస్సు ఖర్చుల్లోంచి కోసేశారు. మామ్మ ఒక నెల కార్డు బయటికి తీయలేదు. తీశాక రేటు ఇరవై పేజీలకి పెరిగింది.

అప్పుడప్పుడు ఆవిడ నాతో లైబ్రరీకి వచ్చేది, పుస్తకానికని కాదు, మేష్టారితో కబుర్లకి. ఆయన ఒకసారి పడవ లైబ్రరీ గురించి చెప్పారు. కృష్ణా డెల్టాలో 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా కాలవలో పుస్తకాల పడవ నడిపించారట. రేవు రేవునా ఆగి పుస్తకాలిచ్చి, పాతవి తీసుకునేదట. మామ్మకి ఆ మాట బాగా తగిలింది. పడవ మీదే కాపురానికి వచ్చిన మనిషి ఆవిడ. "మన కాలవలోకి ఎందుకు రాలేదు? మన నీళ్లు నీళ్లు కావా?" అని నిలదీసింది, ఆ తప్పు మేష్టారిదే అయినట్టు. ఆయన పాపం, ఈ లైబ్రరీల ఉద్యమానికి పితామహుడనిపించుకున్న అయ్యంకి వెంకటరమణయ్య గారు మన జిల్లావారే, పుట్టింది కొంకుదురులో అని చెప్పి సర్దబోయారు. "అయితే ఆయనైనా వెయ్యాల్సింది పడవ" అంది మామ్మ.

1996 నవంబరు 6 రాత్రి తుపాను సంగతి కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. మా పెంకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే దొడ్లో నిలబడ్డ కొబ్బరిచెట్టు రెండే రెండు. ఆ హడావుడిలో పుస్తకాలెవరికి గుర్తుంటాయి? నాలుగో రోజున గూట్లోంచి బట్టలు తీస్తుంటే వాటి వెనక మూడు పుస్తకాలు, నానిన అప్పడాల కట్టల్లా. రెండు ఎండబెడితే ఉబ్బినా చదవడానికి పనికొచ్చాయి. మూడోది అక్షరాలు కలిసిపోయి ముద్దయింది. అది మామ్మ కార్డు మీద తెచ్చింది.

కరెంటు లేదు, దారంతా చెట్లు. అయినా ఆ ముద్దని గుడ్డలో చుట్టుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. పారేశాననుకుంటారేమో, చూపించి రావాలంది. తీరా వెళ్తే లైబ్రరీ పరిస్థితి మా గూటికంటే అధ్వాన్నం. ఏటా నవంబరు 14 నుంచి జరిగే గ్రంథాలయ వారోత్సవాలకి కట్టాల్సిన తాడు మీద మేష్టారు పుస్తకాలు ఆరేస్తున్నారు. మామ్మ తన ముద్ద ఆయన చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "మీదీ దీంట్లోనే రాసుకుంటాను లెండి" అని పోయిన పుస్తకాల జాబితాలో చేర్చారు. డబ్బు కట్టించుకోలేదు. మామ్మ ఊరికే రాలేదు, నన్ను అక్కడ వదిలేసింది. ఆ వారమంతా నేను పేజీల మధ్య పాత పేపరు ముక్కలు పెడుతూ కూర్చున్నాను.

మామ్మ పోయాక నాన్న డిపాజిట్ సంగతి ఎత్తాడు. తప్పనుకోకండి, అది ఆయన తత్వం. రసీదు తెస్తే ఇచ్చేస్తామన్నారు. గుడ్డసంచి విప్పితే కార్డు ఉంది, వక్కల మరకలతో. రసీదు కూడా ఉంది, కాకపోతే తుపానులో తడిసి మడతల్లోనే అతుక్కుపోయింది. విప్పబోతే పొడిపొడిగా రాలింది. నాన్న చాలాసేపు ఆ పొడిని చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. డబ్బు పోయిందనేనా అంటే, నేను అడగలేదు.

ఇదంతా ఎందుకంటే, మొన్న సంక్రాంతి వెళ్లాక అమలాపురంలో మా ఇంటికి మళ్లీ నాలుగు కార్డులొచ్చాయి. మా ఆయనకి, నాకు, పాపకి, అత్తయ్యగారికి. ఆధార్ జిరాక్సు, ఫొటోలు, ఇంటిపన్ను రసీదు పట్టుకెళ్లాను. లైబ్రరీ మునుపటిలా లేదు. గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదువుకునే పిల్లలు కుర్చీలన్నీ నింపేసి ఉన్నారు. ఇంట్లో అంత నిశ్శబ్దం దొరకదు వాళ్లకి, కూర్చోనివ్వాల్సిందే. కొత్త పుస్తకాలు తక్కువ, కావలసింది దొరికే రోజు కంటే దొరకని రోజులే ఎక్కువ. నేను వెనక అరల్లో పాత నవలలు వెతుక్కుంటాను.

ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే: ఇంటికంతటికీ ఒక్క కార్డు చాల్లే అనుకోకండి. మనిషికొకటి తీసుకోండి, ముసలివాళ్లతో సహా. ఒక కార్డు నలుగురు వాడితే చివరికి పెద్దగొంతు ఉన్నవాళ్ల పుస్తకమే ఇంటికొస్తుంది. కార్డు తన పేరున ఉన్న మనిషిని బతిమాలుకోక తప్పదు. అందరూ ఒకే రోజు తెచ్చుకుంటే గడువూ ఒకే రోజు పడుతుంది, శుక్రవారం సెలవు కాబట్టి గురువారం లోపు ఇచ్చేయండి. రసీదుని బియ్యం కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. దీని వెనక ఎంత కథ ఉందో మీకు తెలిసింది కదా.

ఇంత చెప్పిన నేనే ఈ పక్షం దొరికిపోయాను. రేపు గురువారం, గడువు రేపటితో సరి. మూడు పుస్తకాలు బల్ల మీద ఉన్నాయి. నాలుగోది అత్తయ్యగారి కార్డు మీద తెచ్చిన దెయ్యాల కథల పుస్తకం, అది పాపతో పాటు భీమవరం హాస్టల్లో ఉంది. ఫోన్ చేస్తే "ఇంకా సగం ఉందమ్మా" అంటోంది. ఇప్పుడు పోస్టుకార్డులు రావు లెండి, ఫోన్ చేస్తారు. దరఖాస్తులో అత్తయ్యగారి నంబరే ఇచ్చాం. ఆవిడకి వినికిడి కాస్త తక్కువ, ఫోన్ ఎప్పుడూ స్పీకర్లో పెట్టి మాట్లాడతారు, అదీ అరుగు మీద కూర్చుని.