సోనాపూర్ క్యాంపులో ఒగ్గు డోలు

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్లలంత కాకపోయినా మా జనగామ వైపు ఊళ్ల నుంచి దుబాయికి పోయినవాళ్లు కూడా తక్కువేం కాదు. వీసా కాగితం మీద హెల్పర్, మేసన్, క్లీనర్ అని పని పేరు ఒక్కటే రాసి ఉంటుంది. ఆ మనిషి డోలు కొడతాడనో, తెల్లవార్లూ కథ చెప్తాడనో ఎక్కడా ఉండదు. దుబాయిలో పనివాళ్లు ఉండే సోనాపూర్ క్యాంపు మాది. మా రూములో నా పక్క మంచం తమ్ముడిది ఒగ్గు పూజారుల ఇల్లు. తాతల నాటి నుంచి మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పే కుటుంబం. వాడు ఇక్కడ స్టీల్ ఫిక్సర్. పొద్దంతా కడ్డీలకు బైండింగ్ వైరు చుడతాడు.

డిసెంబర్ 2 అక్కడి జాతీయ దినం. 1971లో ఎమిరేట్లు కలిసి ఒక దేశమైన రోజు. ఆ సెలవుకు క్యాంపు గ్రౌండులో స్టేజీ వేసి, అన్ని దేశాల పనివాళ్లూ తమ తమ కళలు చూపాలని కంపెనీ వాళ్లు చెప్పారు. మంచి ఆలోచనే, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. చిక్కు లెక్క దగ్గర వచ్చింది. దేశానికి పది నిమిషాలు. నేపాల్‌కు పది, బంగ్లాదేశ్‌కు పది, ఇండియాకూ పది. ఇండియా పేరు ఎదురుగా సినిమా పాటకు డ్యాన్స్ అని ముందే రాసి పెట్టుకున్నారు. పంజాబీ డ్రైవర్లు భాంగ్రా అన్నారు, మలయాళీలు చెండ అన్నారు, మనవాళ్లం డోలు, డప్పు అన్నాం. రెండు మూడు రాత్రులు మెస్సులో ఇదే పంచాయతీ. చివరికి మలయాళీ ఫోర్మన్ మధ్యలో పడి, సినిమా పాట తీసేయించి, ఆ పది నిమిషాలనే ముగ్గురికీ పంచాడు.

డోలు ఊరి నుంచి తెచ్చిందే. పోయినసారి సెలవు నుంచి తిరిగి వచ్చేటప్పుడు సకినాలు, పచ్చళ్లు తగ్గించుకొని మరీ లగేజీలో ఇరికించుకొచ్చాడు తమ్ముడు. డప్పు మాత్రం పరకాల వైపు నుంచి వచ్చిన ఇంకో అన్నది. చలికాలంలో కూడా దుబాయిలో సాయంత్రమైతే గాలి చెమ్మ. తోలు మెత్తబడి, దెబ్బ వేస్తే మందంగా పలికింది. ఊళ్లో అయితే ఇంత గడ్డి మంట వేసి కాచుకుంటాం. క్యాంపులో మంట వేస్తే జరిమానా. అన్న దాన్ని చంకన పెట్టుకొని మెస్సు వంటగదికి పోయాడు. వంటమనిషి గిన్నె దించి, స్టవ్ మంట తగ్గించి, “ధీరే, ధీరే” అంటూ పక్కనే నిలబడ్డాడు. అన్న డప్పును మంటకు ఎడంగా పట్టుకొని తిప్పుతూ, వేలితో కొట్టి వింటూ, మళ్లీ తిప్పుతూ కాచాడు. చిర్ర తగలగానే తోలు ఖంగుమంది. వంటగదిలో అందరి చేతులూ ఆగిపోయాయి.

స్టేజీ మీద మొదట ఎమిరాతీల అయ్యాలా. మగవాళ్లు రెండు వరుసలుగా ఎదురెదురు నిలబడి, చేతుల్లో సన్నటి వెదురు కర్రలు పట్టుకొని, పద్యం పాడుతూ తల, కర్ర కలిపి ఊపుతారు. ఆ కర్రలు ఈటెలకు గుర్తు. 2014లో యునెస్కో జాబితాలో ఎక్కిన కళ అది. మా తమ్ముడు కళ్లు ఆర్పకుండా చూసి, “అన్నా, దెబ్బ ఎంత నిమ్మళంగ ఉంది సూడు, ఒక్కడు గూడ ఉరుకుతలేడు” అన్నాడు. తర్వాత పఠాన్ల అత్తన్. గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ వేగం పెంచుతారు. బంగ్లా మేస్త్రీ ఒకాయన ఏకతార మీటుతూ బావుల్ పాట పాడాడు. ఆయనతో ఒకే సైటులో పనిచేశాను, ఆ గొంతు ఉందని నాకు తెలియదు.

మనవాళ్ల వంతు వచ్చింది. డోలు విన్యాసంలో ఒకరి భుజాల మీద ఒకరు నిలబడతారు కదా, సేఫ్టీ ఆఫీసర్ వద్దంటే వద్దన్నాడు. రోజూ స్కాఫోల్డింగ్ ఎక్కి దిగే కాళ్లని నచ్చజెప్పి రెండు వరుసలకు ఒప్పించాం. పైన తమ్ముడు, నడుముకు డోలు. కింద డప్పు దరువు మారగానే పైన డోలు అందుకుంది. పఠాన్లు లేచి నిలబడ్డారు. అయ్యాలా ఆడిన ముసలాయన స్టేజీ దగ్గరికి వచ్చి, దిగిన పిల్లవాడి చేయి పట్టుకొని డోలు తోలు తడిమి చూశాడు.

సంక్రాంతికి సెలవు మీద వచ్చి ఐనవోలు మల్లన్న జాతరకు పోయాను. భోగి నుంచి ఉగాది దాకా సాగే జాతర. అక్కడ తమ్ముడి బాపు పట్నం వేస్తూ కనిపించాడు. పసుపు, కుంకుమ, పచ్చటి ఆకు పొడితో ముగ్గు నింపుతున్నాడు. మేళంలో నలుగురే ఉన్నారు. మిగతా పిల్లలు ఒకడు దుబాయిలో, ఒకడు సౌదీలో, ఇంకొకడు హైదరాబాద్‌లో డెలివరీ పనిలో. వీడియో చూపించాను. పెద్దాయన రెండుసార్లు చూశాడు.

“ఎగురుడు మంచిగున్నది బిడ్డా. కథ ఏదే?”

ఆ మాట నన్ను వదలడం లేదు. ఒగ్గుకు ప్రాణం కథే. రాత్రి మొదలుపెడితే తెల్లారే దాకా నడుస్తుంది. మాణిక్యపురం చుక్క సత్తయ్యను జనం ఇన్నేళ్లకూ తలుచుకునేది ఆయన కథ చెప్పిన తీరుకే. పది నిమిషాల స్లాటులో డోలు పట్టింది, కథ పట్టలేదు. దేశానికి ఒక స్లాటు పెట్టి కళల వైవిధ్యం అంటే జనగామ ఒగ్గు, చిందు, ములుగు కోయల డోలు, ఆదిలాబాద్ గుస్సాడీ ఎందులో ఇమడాలి? మన దగ్గరా అంతే. 2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది, సంతోషం. కానీ మామూలు రోజుల్లో డోలు, డప్పు పిలిచేది నాయకుల ర్యాలీ ముందు నడవడానికే.

గల్ఫ్‌లో బతుకమ్మకు, ఉగాదికి సభలు చేసే మన సంఘాల పెద్దలకు నాదొక విన్నపం. టికెట్లు కొని హైదరాబాద్ నుంచి గాయకులను రప్పించే ముందు క్యాంపుల్లో ఒకసారి వాకబు చేయండి. చిందు వేసేవాళ్లు, ఒగ్గు చెప్పేవాళ్లు, చేర్యాల నకాషీ బొమ్మలు గీసే చేతులు అక్కడ హెల్పర్ల పేరుతో ఉండొచ్చు. ప్రాక్టీసుకు సెలవు ఇప్పించండి, స్టేజీ మీద వాళ్ల పేరు, ఊరి పేరు చదవండి, ఆ రోజు కూలి చేతికివ్వండి.

కథ సంగతి మేమే చూసుకోవాలనుకున్నాం. పెద్దాయన రోజూ కొంచెం కొంచెం చొప్పున మల్లన్న కథ ఫోన్లో రికార్డు చేసి కొడుక్కి పంపుతున్నాడు. గొల్ల కేతమ్మ ఘట్టం దాకా వచ్చింది. తమ్ముడు సైటుకు పోయే బస్సులో విని, రూములో మనవాళ్ల ముందు చెప్పి చూసుకుంటున్నాడట. రంజాన్ పండుగ సెలవుల్లో మెస్ హాలు ఒక రాత్రంతా ఇవ్వమని ముదీర్‌ను, అంటే మేనేజర్‌ను, అడిగించాం. పదింటి తర్వాత సౌండ్ తగ్గిస్తే ఇస్తానన్నాడు.