ఏడు నాకు ఎలా పట్టుబడిందంటే

గిటార్ పట్టుకుని ఆరేళ్లయినా నాకు నాలుగు లెక్క తప్ప ఇంకోటి అలవాటు కాలేదు. పోయినేడాది మా ఫ్రెండ్స్ సెవెన్ బై ఎయిట్‌లో, అంటే ఏడు దెబ్బల లెక్కలో, ఒక ట్యూన్ కట్టారు, రెండో ఆవర్తనానికే, అంటే ఆ ఏడు రెండోసారి తిరిగేసరికే, నేను తప్పిపోయాను, ఎన్నిసార్లు మొదలుపెట్టినా అంతే. ఇంటికొచ్చి రికార్డు వింటే సంగతి తెలిసింది. ఏడు అయ్యాక నాకు తెలియకుండానే కాస్త ఆగి దాన్ని ఎనిమిది చేసేస్తున్నాను.

మా వీధిలో ఒక మృదంగం మాస్టారున్నారు. ఆయన ముందు నేను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ వాయిస్తే, "ఏటి బాబూ, అంకెలెందుకు? నోటితో పలుకు" అన్నారు. ఎందుకో తర్వాత అర్థమైంది. ఒకటి, నాలుగు మూడేసి అక్షరాల మాటలు, మిగతావి రెండేసి, వేగం పెంచగానే సరిగ్గా ఆ రెండు చోట్లే నేను వెనకబడుతున్నాను. అదే ఆయన నేర్పిన తకిట తకధిమి అంటే ఒక్కో దెబ్బకి ఒక్కో అక్షరమే, అంతే.

నోరు వారంలో కుదిరింది గానీ కాలు కుదరలేదు. పెద్దచెరువు వైపు పొద్దున్నే నడుస్తూ అడుగుకో అక్షరం చొప్పున పలికేవాణ్ణి. మొదటి ఆవర్తనం కుడికాలితో మొదలైతే రెండోది ఎడమకాలి మీద పడుతుంది, మళ్లీ కుడికి రావాలంటే పద్నాలుగు అడుగులు. సమం, అంటే ఆవర్తనంలో మొదటి దెబ్బ, ఎప్పుడూ ఒకే కాలి మీద పడాలని ఒళ్లు పట్టుబట్టడం వల్లే నాకు ఆ ఎనిమిదో దెబ్బ వచ్చి చేరుతోందని ఆ నడకలోనే తెలిసింది.

హరికథలు చెప్పిన ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులు, రెండు కాళ్లు, తలతో ఒకేసారి ఐదు తాళాలు వేసేవారని మా విజయనగరంలో చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. 1919లో ఇక్కడ పెట్టిన సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆయనే. ఒక్క ఏడు కోసం ఇంత నడిచాక గానీ ఆ మాట ఎంత పెద్దదో నాకు తెలియలేదు.

ఆ తర్వాత లెక్కగా క్లిక్ కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 మీద పెట్టి క్లిక్కి ఒక అక్షరం పలికాను. అది నిలబడ్డాక క్లిక్‌ని 20కి దించి, రెండు క్లిక్‌ల మధ్య ఏడు అక్షరాలూ సరిపెట్టడం. అసలు పరీక్ష ఇదే, ఎందుకంటే మధ్యలో ఆసరా ఏమీ ఉండదు, తప్పితే తర్వాతి క్లిక్ దగ్గర వెంటనే దొరికిపోతాం. చేత్తో ఒకటి, నాలుగు, ఆరు మీద తాళం వేస్తూ పలికి, అదే చోట్ల గిటార్ మీద కింది స్ట్రోక్ కొట్టాను. మూడు వారాలు పట్టింది.

తీరా మా వాళ్ల ట్యూన్ తక తక తకిట అని తేలింది! అదీ ఏడే గానీ బరువు పడే చోట్లు వేరు, ఒకటి, మూడు, ఐదు. మళ్లీ నోటితోనే మొదలుపెట్టాను, ఈసారి నాలుగు రోజుల్లో వచ్చేసింది. ఖండం, అంటే ఐదు దెబ్బల లెక్క, తక తకిట, ఒక్క సాయంత్రం పని. ఇప్పుడు తొమ్మిది మీద ఉన్నాను, తకధిమి తకతకిట, నడుస్తూ అయితే వస్తోంది, గిటార్ పట్టుకుంటే ఇంకా లేదు.