రిపోర్ట్ సరే, అది ఏ కుళాయి నీళ్ళది?

మొన్న మంచినీళ్ళ టెస్ట్ రిపోర్ట్ అందరి ఫోన్లకీ వచ్చింది. ఒకే పేజీ, కింద స్టాంపు, "నీరు త్రాగుటకు యోగ్యము" అని ఒక ముక్క. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను మాత్రం శాంపిల్ ఎక్కడ పట్టారు, ఎప్పుడు పట్టారు అని వెతికితే ఆ రెండు గడులూ ఖాళీ!

ఇదేదో చాదస్తం అనుకోకండి. ట్యాంకు దగ్గర ఉన్న నీళ్ళు, పైపు చివరికి వచ్చిన నీళ్ళు ఒకటి కావు. క్లోరిన్ దారి పొడుగునా ఖర్చయిపోతూ ఉంటుంది, పైపుల్లో పాచి పట్టి ఉంటే ఇంకా త్వరగా. మన కుళాయికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, క్లోరిన్ ఉంటే నీళ్ళని గులాబీ రంగుకి మార్చే డీపీడీ మాత్రలుండే చిన్న కిట్ చాలు. నేనే చూశాను. ట్యాంకు కింద కుళాయి నీళ్ళలో మాత్ర నలిపి వేస్తే చక్కగా గులాబీ రంగొచ్చింది. పైపు చివరి ఇంట్లో కిట్‌లోని అదే చిన్న గొట్టం, అదే రకం మాత్ర, వెనక తెల్లకాగితం పెట్టి చూసినా రంగు జాడే లేదు. ట్యాంకు రిపోర్ట్ నిజమే కావచ్చు, ఆ ఇంటివాళ్ళకి దాంతో ఏం పని?

పట్టే పద్ధతి కూడా ముఖ్యమే. బ్యాక్టీరియా టెస్టుకైతే కుళాయి మూతి శుభ్రం చేసి, రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలేసి, మూత లోపలివైపు వేలు తగలకుండా పట్టాలి. ల్యాబ్ ఇచ్చిన సీసా అడుగున తెల్లటి పొడి ఉంటే మురికి అనుకుని కడిగేయకండి (నేను కడగబోయాను). అది సోడియం థయోసల్ఫేట్, దారిలో క్లోరిన్ సూక్ష్మజీవులని చంపేసి రిజల్టు మార్చకుండా ఆపుతుంది. ఆ సీసా ఐసులో పెట్టి వీలైనంత త్వరగా, మహా అయితే 24 గంటల్లోపు ల్యాబుకి చేర్చాలి. 100 మిల్లీలీటర్లలో ఇ.కోలి (నీళ్ళలో మలం కలిసిందని పట్టిచ్చే బ్యాక్టీరియా) ఒక్కటి కూడా ఉండకూడదు.

సీసం (లెడ్) టెస్టుకైతే పూర్తిగా తలకిందులు. కనీసం ఆరు గంటలు కుళాయి ముట్టకుండా ఉంచి మొదట వచ్చిన నీళ్ళే పట్టాలి, ఎందుకంటే సీసం పైపుల్లోంచే కరుగుతుంది. ముందు రోజే కుళాయి బాగా తిప్పి వదిలేస్తే అసలు సంగతి కొట్టుకుపోతుంది. అమెరికాలో ఫ్లింట్ అనే ఊళ్ళో కుళాయి నీళ్ళలో సీసం బయటపడ్డ గొడవ తర్వాత, అలా ముందుగా వదిలించొద్దని 2016లో అక్కడి పర్యావరణ సంస్థ ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

ఇక టీడీఎస్ మీటర్ ముంచి "నూట ఇరవై, సూపర్" అనేవాళ్ళకి ఒక మాట. అది కరిగిన లవణాలు మొత్తం ఎంతో అంచనా వేస్తుందంతే, దానికి బ్యాక్టీరియా కనబడదు. "కాచుకుంటే అన్నీ పోతాయి" అన్నదీ అంతే. క్రిములు చస్తాయి, నైట్రేటు, ఫ్లోరైడు మాత్రం నీళ్ళు ఆవిరైనకొద్దీ ఇంకాస్త చిక్కబడతాయి.

రిపోర్ట్‌లో ఆ ఖాళీ గడుల గురించి శాంపిల్ పట్టినవాళ్ళని అడిగితే "ట్యాంకు దగ్గరే పట్టాం, ఎప్పుడూ అక్కడే పడతాం" అన్నారు. కాసేపు వాదించాక వచ్చేసారి చివరి ఇంట్లో కూడా పట్టడానికి ఒప్పుకున్నారు. ఐసు పెట్టె మోసే పని నాకు అంటగట్టారు.