పెచ్చులూడిన ఇంటిని ఉన్నది ఉన్నట్టుగా అమ్మినప్పుడు

నాన్నగారు కట్టించిన ఇంటిని అమ్మాలని మేము నిర్ణయించుకునేనాటికి ఆ ఇంటికి తాళం వేసి నాలుగేళ్లు దాటింది. వంటగది పైకప్పు నుంచి పెచ్చులు ఊడి, తుప్పుపట్టిన ఊచలు బయటికి కనిపిస్తున్నాయి. వెనుక గోడలో కిటికీ మూల నుంచి నేల దాకా ఏటవాలుగా ఒక బీట దిగింది. ముందు బాగుచేయించి, రంగులు వేయించి అమ్మితేనే మంచి ధర పలుకుతుందని తమ్ముడు గట్టిగా అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. అయితే మేస్త్రీ మొదటిసారి వచ్చి ఒక మొత్తం చెప్పి, రెండోసారి వచ్చి స్లాబును అక్కడక్కడా కొట్టి చూసి ఆ మొత్తాన్ని దాదాపు రెట్టింపు చేసేసరికి నాకు అనుమానం మొదలైంది. ఒకచోట తవ్వడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో అతనికే తెలియదు.

పాత ఇంటి మరమ్మతులో ఉన్న చిక్కు ఇదే. పైపూత తీసే వరకు లోపల ఎంత చెడిందో తెలియదు, తీశాక మధ్యలో వదిలేయడానికి వీలుండదు. పని నడిచినన్ని నెలలూ పన్నులు, కాపలా, అప్పు తెస్తే దాని వడ్డీ మన నెత్తినే ఉంటాయి. ఇంత చేసినా పెట్టిన ఖర్చంతా ధరలో తిరిగివస్తుందన్న నమ్మకం లేదు. కొన్నవారు మనం ఎంచి వేయించిన బండలను పీకించి తమకు నచ్చినవి వేయించుకోవచ్చు, స్థలం కోసమే కొన్నవారైతే ఇంటినే పడగొట్టవచ్చు. లోపం పైపైనే ఉండి, పని వారం పది రోజుల్లో తేలిపోయే ఇల్లయితే బాగుచేయించి అమ్మడమే మేలని ఇప్పటికీ అంటాను. మాది అలాంటిది కాదు.

ఎంత చెడిందో ముందు తెలుసుకుందామని, అమ్మకంతోగాని మరమ్మతు పనితోగాని సంబంధం లేని ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు గారిని పిలిపించాము. ఆయన చిన్న సుత్తితో స్లాబు అడుగున వరుసగా తట్టుకుంటూ పోయారు. గట్టిగా ఉన్నచోట ఖంగుమని, చెడినచోట డొల్లగా మోగింది, డొల్లగా మోగిన ప్రతి చోటునూ సుద్దతో చుట్టారు. తరువాత ఒక మూల కాంక్రీటును కొంచెం చెక్కి, అప్పుడే విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లారు. లోపలి భాగం ముదురు గులాబీ రంగుకు మారింది, బయటి పొర మాత్రం రంగు లేకుండా ఉండిపోయింది. మంచి కాంక్రీటులో పీహెచ్ విలువ, అంటే క్షారగుణం ఎంతుందో చెప్పే అంకె, 12 కంటే ఎక్కువగా ఉంటుందని, ఆ క్షారగుణమే ఊచలను తుప్పు నుంచి కాపాడుతుందని, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకి దానిని తగ్గిస్తూ వస్తుందని, దాదాపు 9కి దిగువకు పడిపోయినచోట ఈ ద్రావణం రంగు చూపదని ఆయన వివరించారు. వంటగదిలో ఆ రంగులేని పొర ఊచలను దాటి పైకి పోయింది. తుప్పు అసలు ఇనుము కంటే 2 నుంచి 6 రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక అది కాంక్రీటును కిందికి నెట్టి పెచ్చులుగా ఊడగొడుతుంది. అలాంటిచోట తుప్పు తొలగించకుండా సిమెంటు పూసి రంగు వేయిస్తే కొన్నాళ్లకు మళ్లీ ఊడిపడుతుంది. మేము చేయబోయింది సరిగ్గా అదే. అందుకే బాగుచేయించే ఆలోచన మానుకుని, ఇంటిని ఉన్నది ఉన్నట్టుగానే అమ్మాలని నిర్ణయించుకున్నాము.

ఆయన నివేదికకు అయిన ఖర్చు మరమ్మతు అంచనాలో చాలా చిన్న భాగం. ధర మాట్లాడుకునేటప్పుడు మాత్రం అదే ముందుకు వచ్చింది. బాగుచేసిన ఇంటి విలువ 100 అనీ, మరమ్మతుకు 25 అవుతుందనీ ఉదాహరణకు అనుకుందాం. అమ్మేవాడు 75 రావాలని ఆశిస్తాడు. కొనేవాడికి ఆ 25 నిజమో కాదో తెలియదు కనుక 40 అనుకుంటాడు, తన శ్రమకూ కాలానికీ మరో 15 తీసివేసి 45 దగ్గర నిలబడతాడు. పాత ఇళ్లు కొని బాగుచేసి తిరిగి అమ్మే వ్యాపారులలో ప్రచారంలో ఉన్న ఒక మోటు లెక్క ప్రకారం బాగుచేశాక వచ్చే ధరలో 70 శాతం నుంచి మరమ్మతు ఖర్చు తీసివేయాలి. అలా చూసినా 45 దగ్గరికే చేరుతాము. మన ఇంటి ధరను దించేది పగులు కంటే పగులు వెనుక ఏముందో అన్న భయమే. శ్రమకూ కాలానికీ తగ్గించే ధరను మనం ఆపలేము, ఆ భయానికి తగ్గించే దానిని మాత్రం ఆపగలము. నివేదికనూ, ఇద్దరు గుత్తేదారులు విడివిడిగా రాసిచ్చిన అంచనాలనూ వచ్చిన ప్రతివారి చేతిలో పెట్టాము.

మధ్యవర్తికి ఇది నచ్చలేదు. చెమ్మ మరకల మీద ఒక చేయి సున్నం కొట్టిద్దామన్నాడు. మేము ఒప్పుకోలేదు. తెలిసిన లోపాన్ని దాచి అమ్మడం తరువాత తగవుకు దారితీస్తుందన్నది ఒక మాట, పాత ఇంట్లో ఒకే గోడకు కొత్త సున్నం కనిపిస్తే చూసేవారి కళ్లు ముందు ఆ గోడ మీదే పడతాయన్నది మరో మాట. అతని సలహాలో ఒకటి మాత్రం పాటించాము, సామాను పూర్తిగా తీయించి ఇల్లు కడిగించాము. డాబా మీద నీరు నిలిచేచోట తూము శుభ్రం చేయించి, చెడు ఇంకా పెరగకుండా నీటిని ఆపాము. వంటగదిలో కరెంటు తీయించి, పెచ్చులు ఎవరి నెత్తినా పడకుండా గుమ్మానికి అడ్డు కట్టించాము. అంతకు మించి ఒక్క తట్ట సిమెంటు కూడా వాడలేదు.

వచ్చినవారిలో ముగ్గురు అప్పు దొరకక వెనక్కి వెళ్లారు, ఎందుకంటే నివాసయోగ్యం కాదనిపించిన ఇంటి మీద అప్పు ఇవ్వడానికి బ్యాంకులు వెనుకాడతాయి. ఈ దారిలో అమ్మేవారు చేతిలో డబ్బున్న కొద్దిమందినే చూసుకోవాలి, ఓపిక పట్టాలి. మాకు ఏడు నెలలు పట్టింది.

చివరికి కొన్న పెద్దాయన స్లాబు సంగతి నివేదికలో చదువుకునే వచ్చారు. ఆయన ఎక్కువసేపు నిలబడింది వెనుక గోడ దగ్గర. ఆ బీటకు అడ్డంగా, రెండు చివరలూ ప్లాస్టరుతో అతికించిన సన్నని గాజుముక్క ఒకటి ఉంది, గోడ ఇంకా కదులుతుంటే అది చిట్లుతుందని ఇంజనీరు గారు అతికించి, కింద పెన్సిలుతో తేదీ వేశారు. ఆరు నెలలైనా అది చెక్కుచెదరలేదు. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని తేదీ చదివి, గాజును వేలితో తడిమి చూశారు. ధర కుదిరాక ఆయన అడిగిన షరతు ఒక్కటే: తాళాలు ఇచ్చేటప్పుడు ఆ గాజుముక్కను తీయవద్దన్నారు.