జిప్సీ కింద రెండు చప్పుళ్లు

శనివారం, ఆటోనగర్

రేపు లష్కర్ బోనాలు. సికింద్రాబాద్ వైపు దారులన్నీ కట్టేస్తారు కాబట్టి రాణిగంజ్ విడిభాగాల బజారులో ఏం కావాలన్నా ఈ రోజే తెచ్చుకోవాలి. ఆ తొందరలో పొద్దున్నే పని మొదలైంది.

షెడ్డులో ఉన్నది పాత మారుతీ జిప్సీ కింగ్ జీపు, 1.3 లీటర్ల పెట్రోలు బండి. ఓనరు చెప్పింది ఇది: "మెల్లగ పోతుంటే కిచకిచ అంటదన్నా. గేరేసి క్లచ్ వదిలితే కింద టక్కుమంటది. రేస్ ఇస్తే ఆ కిచకిచ ఇంకో తీరుగ వస్తది." ఇంతకు ముందు చూపించిన చోట వెనక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో పవరుని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) పోయిందన్నారట, అందులోని క్రౌన్ పినియన్ సెట్టు, అంటే పెద్ద పళ్లచక్రం, దాన్ని తిప్పే చిన్నది, మొత్తం మార్చమన్నారట.

క్రౌన్ పినియన్ మాట అంత తొందరగా అనకూడదు. ఆ సెట్టు ఒకసారి విప్పితే పినియన్ లోతు షిమ్ములతో (సన్నటి రేకు బిళ్లలతో) మళ్లీ కుదరాలి, బేరింగు ప్రీలోడ్ (ముందే ఇచ్చే బిగువు) కుదరాలి, పళ్ల మధ్య సందు డయల్ గేజీ పెట్టి కొలవాలి, పళ్ల మీద రంగు పూసి అచ్చు ఎక్కడ పడుతోందో చూడాలి. ఇవన్నీ ఓపిగ్గా చేసేవాళ్లు తక్కువ. చప్పుడు లేని డిఫరెన్షియల్‌ని అనుమానంతో విప్పి బిగించి, అప్పటిదాకా లేని ఊళను తెచ్చిపెట్టుకున్న బండ్లు బోలెడు. అందుకే అది చివరి మెట్టు.

జిప్సీ పాత సుజుకీ పద్ధతిలో కట్టిన బండి. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (పవరుని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) అతుక్కుని ఉండవు. రెంటి మధ్య ఒక పొట్టి షాఫ్టు ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు ఒక్కటే మూడు రబ్బరు మౌంటింగుల మీద ఛాసిస్‌కి వేలాడుతుంది. అక్కడి నుంచి ఇరుసులకి పవరు మోసే ప్రొపెల్లర్ షాఫ్టు ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. అంటే మొత్తం మూడు షాఫ్టులు, ఒక్కోదానికి రెండు క్రాసులు (షాఫ్టు కోణంలో వంగి తిరగనిచ్చే ప్లస్ గుర్తు లాంటి కీళ్లు). పైగా రేకు బాడీ, కింద కమాన్ కట్టలు. ముందు పుట్టిన చప్పుడు ఛాసిస్ పట్టుకుని వచ్చి వెనక సీటు కింద వినిపిస్తుంది. చెవి చెప్పిన దిక్కును నమ్మి ఈ బండిని విప్పితే దెబ్బ తినడం ఖాయం. చప్పుడు ఎక్కడ ఉందన్నది తర్వాతి సంగతి. దేనితో మారుతోంది, దేనితో మారడం లేదు అన్నది ముందు తేలాలి.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు పొద్దున ఖాళీగా ఉంటుంది. ముందు బండి నిలబెట్టి న్యూట్రల్‌లో రేస్ ఇస్తే ఏ చప్పుడూ లేదు. ఇంజన్, క్లచ్ పక్కకి. నడుస్తుండగా నాలుగో గేరులోనూ అదే కిచకిచ. జిప్సీలో నాలుగో గేరు డైరెక్ట్, పవరు నేరుగా దాటిపోతుంది, గేర్‌బాక్సులో కింది షాఫ్టు మీద లోడు పడదు. ఆ గేరులో కూడా తగ్గలేదంటే గేర్‌బాక్సూ పక్కకి. యాభైలో న్యూట్రల్ చేసి ఇంజన్ ఆన్‌లోనే ఉంచి జారనిచ్చినా కిచకిచ ఆగలేదు. (తాళం మాత్రం ఆఫ్ చేయకూడదు. బ్రేకు బూస్టరు పనిచేయదు, స్టీరింగు లాక్ పడే ప్రమాదమూ ఉంది.) నలభైలో కాస్త ఎడమకీ కుడికీ ఊపితే మార్పు లేదు, కాబట్టి వీల్ బేరింగు మీద పెద్దగా అనుమానం అక్కర్లేదు. తారు నుంచి సిమెంటు రోడ్డు మీదికి ఎక్కినా అదే చప్పుడు. టైర్ల ఊళ అయితే రోడ్డు మారగానే గొంతు మారుతుంది.

తర్వాతి పరీక్షకి సుద్దముక్క చాలు.

షెడ్డు వెనక సందు చదునుగా ఉంటుంది. ఇంజన్ ఆపేసి, గేరు న్యూట్రల్‌లో, ట్రాన్స్‌ఫర్ లివరు టూ హైలో (వెనక చక్రాలకే పవరు వెళ్లే మామూలు స్థానంలో) పెట్టి, టైరు పక్కన సుద్దతో గీత గీసి ఇద్దరు కుర్రాళ్లు మెల్లగా తోశారు. ఇంజన్ మోత లేకపోతే కిచకిచ ఎంత స్పష్టంగా వినపడుతుందో తోసి చూస్తేనే తెలుస్తుంది. గీత ఒక చుట్టు తిరిగి నేలకు వచ్చేలోపు ఎన్ని కిచ్‌లు? ఒకటే అయితే చక్రంతో పాటు తిరిగేది ఏదో: బ్రేకు డ్రమ్ము, హబ్బు, ముందు ఇరుసు షాఫ్టు. నాలుగు వస్తే ప్రొపెల్లర్ షాఫ్టు, ఎందుకంటే డిఫరెన్షియల్ నిష్పత్తి సుమారు నాలుగు, అంటే చక్రం ఒక చుట్టుకి షాఫ్టు దాదాపు నాలుగు చుట్లు తిరుగుతుంది. ఐదారు వస్తే గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ మధ్య ఉన్న పొట్టి షాఫ్టు. ఈ ట్రాన్స్‌ఫర్ కేసు హై రేంజిలో కూడా పవరుని గేర్ల మీదుగానే పంపిస్తుంది, ఆ పొట్టి షాఫ్టు వెనక షాఫ్టు కన్నా దాదాపు 1.4 రెట్లు వేగంగా తిరుగుతుంది.

నిష్పత్తి ఖాయంగా తెలియని బండికి దాన్ని కనుక్కోవడం తేలిక. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకు ఊత వేసి, వెనక ఒక చక్రం నేల మీదే ఉంచి రెండోదాన్ని జాకీ మీద లేపాలి. లేపిన వైపు ఇరుసు కింద స్టాండు తప్పనిసరి. గాల్లో ఉన్న చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే అదే నిష్పత్తి. రెండు చుట్లు ఎందుకంటే, ఒక చక్రం కదలకుండా ఉన్నప్పుడు క్రౌన్ వీలు రెండో చక్రం వేగంలో సగమే తిరుగుతుంది.

ఈ బండికి చక్రం చుట్టుకి నాలుగు కిచ్‌లు. ప్రొపెల్లర్ షాఫ్టే. ముందుదా, వెనకదా? రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి లెక్క ఇంక సాయం చేయదు. అదృష్టం కొద్దీ దీనికి ముందు చక్రాలని ఇరుసు నుంచి విడదీసే ఫ్రీ వీలింగ్ హబ్బులు ఉన్నాయి, అన్ని జిప్సీలకూ ఉండవు. రెండు హబ్బులూ ఫ్రీలోకి తిప్పి మళ్లీ తోస్తే కిచకిచ మాయం. లాక్ చేస్తే మళ్లీ హాజరు. ముందు షాఫ్టు ఖాయమైంది. హబ్బులు లేని బండి అయితే రెండు కొసల ఫ్లాంజుల (బోల్టులు పట్టే పళ్లేల) దగ్గరా నాలుగేసి బోల్టులు విప్పి ముందు షాఫ్టునే పక్కన పెట్టి టూ హైలో నడిపి చూడొచ్చు. పొడవు పెరిగి తగ్గనిచ్చే స్లిప్ జాయింటు షాఫ్టులోనే ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫర్ నూనె కారదు.

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. టూ హైలో ముందు షాఫ్టు ఊరికే తిరుగుతుంది, దాని మీద లోడే లేదు. అలాంటప్పుడు రేస్ ఇస్తే దాని చప్పుడు ఎందుకు మారాలి? ముందు చూసినవాళ్లు డిఫరెన్షియల్ అనుకున్నదీ ఇందుకే అయి ఉంటుంది. రేస్ ఇస్తే ఒక గొంతు, వదిలితే ఒక గొంతు వస్తే ఎవరికైనా పినియనే గుర్తుకొస్తుంది. ఒక చప్పుడు ఒక పరీక్షకు ఒకలా, ఇంకో పరీక్షకు దానికి విరుద్ధంగా జవాబిస్తోందంటే చాలాసార్లు అక్కడున్నవి రెండు లోపాలు. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని ఉంటాయి.

ఓనరు చెప్పిన టక్కుమనే చప్పుడు దగ్గరికి అప్పుడు వెళ్లాం. నాలుగు చక్రాలకీ ముందూ వెనకా ఊత. ఒకరు సీట్లో కూర్చుని ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, ఫస్టు గేరులో క్లచ్ కొద్దిగా పట్టించి వదలాలి, తర్వాత రివర్సులో అలాగే. ఇంకొకరు పక్కన నేల మీద కూర్చుని టార్చి వేసి చూడాలి. బండి కిందికి దూరకూడదు, ముందూ వెనకా నిలబడకూడదు. ఫస్టులో ట్రాన్స్‌ఫర్ కేసు ఒక పక్కకి లేచింది, రివర్సులో టక్కుమని కూర్చుంది. గడ్డపార లాంటి లివరుతో బ్రాకెట్టు దగ్గర ఎత్తి చూస్తే మూడు మౌంటింగుల్లో ఒకదాని రబ్బరు ఇనుప రేకు నుంచి పూర్తిగా ఊడిపోయి ఉంది. ఇనుముకి ఇనుము తగిలిన చోట తుప్పు పోయి అర్ధణా బిళ్లంత మెరుస్తోంది.

ముడి అక్కడ విడిపోయింది. రేస్ ఇచ్చినప్పుడల్లా కేసు ఒరుగుతోంది, దాంతో ముందు షాఫ్టు కోణం మారుతోంది. కోణం పెరిగితే క్రాసులో సూదులు (కప్పుల లోపలి సన్నటి బేరింగు రోలర్లు) ఎక్కువ దూరం అటూ ఇటూ నడవాలి. ఎండిన క్రాసు కాబట్టి ఆ మేరకు గొంతు పెంచింది. షాఫ్టు మీద లోడు లేకపోయినా చప్పుడు రేసుతో మారింది అందుకే. వెనక డిఫరెన్షియల్ పాపం ఏమీ లేదు. ఎందుకైనా మంచిదని వెనక షాఫ్టు ఫ్లాంజుని చేత్తో తిప్పి చూస్తే ఆట మామూలుగానే ఉంది, పినియన్ నట్టు బిగువుగానే ఉంది.

ఇలాంటి బండిని లిఫ్టు మీదికెత్తి వెతికితే దొరక్కపోవచ్చు. ఛాసిస్ పట్టి లేపితే ఇరుసులు వేలాడి షాఫ్టుల కోణాలన్నీ మారిపోతాయి, చప్పుడు ఉండొచ్చు, పోవచ్చు. ఎత్తాల్సి వస్తే స్టాండ్లు ఇరుసుల కిందే పెట్టాలి.

మధ్యాహ్నానికి రాణిగంజ్ నుంచి క్రాసులు, ఆయిల్ సీలు వచ్చాయి. మౌంటింగులు పుత్లీబౌలీలో దొరికాయి. మూడూ కలిపి తీసుకోవాలి. ఒక్కటి కొత్తది వేస్తే మిగతా రెండు పాతవి కిందికి కుంగే ఉంటాయి, కేసు వంకరగా నిలబడుతుంది.

షాఫ్టు విప్పేముందు ఫ్లాంజుల మీద, స్లిప్ జాయింటు మీద పెయింటుతో గుర్తులు. బెంచి వైసులో యోకుని (క్రాసుని పట్టుకునే రెండు చెవుల కొసని) పట్టించాలి, షాఫ్టు గొట్టాన్ని కాదు. గొట్టం నొక్కుకుంటే షాఫ్టు బ్యాలెన్సు పోతుంది, తర్వాత అరవై దాటితే బండంతా వణుకుతుంది. కప్పుల్ని పట్టి ఉంచే లాకు రింగులు తీసి, ఒక వైపు చిన్న సాకెట్టు, ఇంకో వైపు కప్పు పట్టేంత పెద్ద సాకెట్టు పెట్టి వైసుతోనే నొక్కితే కప్పులు బయటికి వస్తాయి. నాలుగు కప్పుల్లో రెండింట్లో గ్రీజు బాగానే ఉంది. మూడోదాంట్లో ఎండిన గ్రీజు. నాలుగోదాంట్లో గ్రీజే లేదు, కుంకుమ రంగు పొడి, అందులో సన్నబడ్డ సూదులు. క్రాసు కాడ మీద సూదుల గీతలు గోటికి తగులుతున్నాయి. ఇలాంటిదానికి గ్రీజు కొడితే చప్పుడు వారం ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది.

కొత్త కప్పు ఎక్కించేటప్పుడు సూదులన్నీ గ్రీజులో నిలబడి ఉన్నాయా అని చూడాలి. ఒక్క సూది అడ్డంగా పడినా కప్పు లాకు గాడి దాకా వెళ్లదు, అప్పుడు సుత్తి పెడితే కప్పు పగులుతుంది. క్రాసుని సగం కప్పులోకి దూర్చి ఉంచి నొక్కితే సూదులు పడవు. లాకులు పడ్డాక జాయింటు బిగుసుకుంటే యోకు చెవుల మీద ఇత్తడి సుత్తితో ఒక్కో దెబ్బ. చేత్తో అన్ని వైపులా ఒకే బిగువుతో, మెత్తగా కదలాలి. గ్రీజు నిపుల్‌ని గన్ను అందే వైపే పెట్టుకోవాలి. గ్రీజు నాలుగు కప్పుల సీళ్ల నుంచీ కాస్త బయటికి వచ్చేదాకా కొట్టాలి. ఏ కప్పు నుంచి రాలేదో ఆ కప్పే రేపు ఎండేది. స్లిప్ జాయింటుకి మాత్రం అతి పనికిరాదు. గాలి రంధ్రం మూసుకుని గ్రీజు నిండితే షాఫ్టు కుంచించుకోలేక, గుంటలో పడినప్పుడు ఆ దెబ్బ ట్రాన్స్‌ఫర్, పినియన్ బేరింగుల మీద పడుతుంది. రెండు కొసల యోకులూ ఒకే వరుసలో ఉండాలి. స్లిప్ జాయింటులో ఒక్క పన్ను పక్కకి పడినా చుట్టుకి రెండుసార్లు అదురు మొదలవుతుంది.

మౌంటింగుల బోల్టులు మూడు చోట్లా వేళ్లతో పట్టించి, కేసు తన బరువు మీద కూర్చున్నాకే బిగించాం.

కానీ రబ్బరు ఎందుకు ఊడింది? ముట్టుకుంటే ఉబ్బి, జిగురుగా ఉంది. పైన ట్రాన్స్‌ఫర్ ఆయిల్ సీలు కారుతూ నూనె సరిగ్గా దాని మీదే పడుతోంది. సీలు మార్చకుండా మౌంటింగు వేస్తే కొత్తదీ అలాగే పోతుంది. సీలు కారడానికి దాని పైన ఇంకో కారణం. కేసు బ్రీదరు (లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం) అనంతగిరి కొండల మట్టితో పూర్తిగా మూసుకుపోయి ఉంది. నూనె వేడెక్కితే లోపలి గాలి పోయే దారి లేక సీలు పెదవి మీదే ఒత్తిడి పెడుతుంది. వేడి బండి వాన నీళ్లలో దిగితే ఇంకో ప్రమాదం. లోపలి గాలి ఒక్కసారి చల్లబడి నీళ్లని సీళ్ల సందులోంచి పీల్చుకుంటుంది. వానాకాలంలో మన అండర్‌పాసులు తెలిసినవే.

బ్రీదర్లన్నీ విప్పి కిరసనాయిలుతో కడిగి గాలి కొట్టాం. నూనె మార్చేటప్పుడు ముందు పైన నింపే ప్లగ్గు విప్పాలి. అది రాకపోతే కింద వదిలిన నూనె మళ్లీ నింపే దారి ఉండదు. ట్రాన్స్‌ఫర్ నూనె నల్లగా ఉంది, పాలరంగు లేదు, అంటే నీళ్లు చేరలేదు. ప్లగ్గుకి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుంటే ఫరవాలేదు, పెచ్చులు వస్తే విప్పి చూడాలి. పెచ్చులు లేవు. డిఫరెన్షియళ్లకి జీఎల్ 5 రకం గేర్ నూనె, గేర్‌బాక్సుకి జీఎల్ 4. గేర్‌బాక్సులో జీఎల్ 5 పోస్తే అందులోని గంధకం మందు కొన్ని రకాల్లో గేర్లు సాఫీగా పడేలా చూసే ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తుంది.

సాయంత్రం హబ్బులు లాక్ చేసి తోస్తే కిచకిచ లేదు. ఫస్టు, రివర్సు పరీక్షలో కేసు కదల్లేదు, టక్కుమనలేదు. యాభై ఐదు, అరవైలో సన్నటి ఊళ ఉంది, అది ఈ ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ల సహజ స్వరం, దాన్ని తగ్గించబోయి ఏదీ విప్పకూడదు. ఓనరుకి చెప్పి పంపింది: ఐదు వందల కిలోమీటర్లకి మౌంటింగు బోల్టులు, ఫ్లాంజు బోల్టులు ఒకసారి పానా వేసి చూడాలి, నీళ్లలో దిగిన ప్రతిసారీ క్రాసులకి గ్రీజు, బ్రీదరు గొట్టాలు పొడుగ్గా వేసి ఇంజన్ గదిలో ఎత్తున కట్టించాలి. గొట్టాలు సోమవారం వేద్దామన్నాడు.